పట్నములో మన ఊరివారు: భయము, భద్రత

(మండల కేంద్రమున జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో రెండు దినములుగా మీరు ఇంటి పన్నులను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, మంచినీటి సరఫరాను గూర్చియు విన్నారు. అవి యన్నియు ఊరిలో నున్నవారికి సంబంధించిన విషయములు. నేడు మేము మాటలాడ దలచినది ఊరిలో లేనివారిని గూర్చి. మీ మీ గ్రామములలో తాళము వేసిన ఇండ్లు ఎన్ని గలవో ఒక్కమారు మనసులో లెక్కించుకొనుడు. ఆ తాళపుచెవులు పట్నములో ఏదో ఒక పేటలో, ఏదో ఒక ఇరుకు గదిలో, మేకుకు వ్రేలాడుచున్నవి. ఆ గదిలో నున్నవారు మీ ఓటర్లు, మీ చుట్టములు, మీ ఇరుగుపొరుగువారు. వారు ఆ కొత్త పేటలో భయము లేక నిద్రించుచున్నారా యను ప్రశ్న పంచాయతీకి పట్టదని కొందరనవచ్చును. పట్టవలెనని మా మనవి.

వలస మనకు కొత్త కాదు. ముంబయిలోని కామాఠిపుర యను పేటకు ఆ పేరు తెలుగు దేశము నుండి పోయి అచ్చట భవనములు కట్టిన కామాటి కూలీల వలన వచ్చినది. కోస్తా జిల్లాల నుండి ఓడలెక్కి రంగూనుకు పోయిన మనవారు అచ్చటి రేవులో బరువులు మోసిరి. 1930 మే మాసమున ఆ రేవు పని విషయముననే అల్లర్లు చెలరేగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. పాలమూరు కూలీల చేయి పడని ఆనకట్ట దేశములో లేదని మన పెద్దలు చెప్పుకొందురు. 2011 జనగణన ప్రకారము మన దేశములో నూటికి 31 మందికి పైగా, అనగా సుమారు 37 కోట్ల 70 లక్షల మంది, పట్టణములలో నివసించుచుండిరి. కనుక ఊరి నుండి పట్నమునకు బాట పడియే యున్నది. ఆ బాటను మూయుట ఎవరి తరమును గాదు. ఆ బాటలో పోవువారికి దారి చూపుట మాత్రము మన చేతిలో నున్నది.

ఈ విషయము మా మనసును పట్టుకొన్న విధమును ముందుగా మనవి చేసెదము. కొన్ని నెలల క్రిందట పాలమూరు వైపున ఒక గ్రామమునకు శాఖాపరమైన పని మీద పోయితిమి. ఊరి పేరును, మనుష్యుల పేర్లను చెప్పుట ఉచితము గాదు. మేము పోవునప్పటికి పంచాయతీ సభ జరుగుచుండెను. సర్పంచిగారు మమ్ము కూర్చుండబెట్టి, తాము వ్రాసిన తీర్మానపు చిత్తుప్రతిని చేతికిచ్చిరి. ఇకమీదట పెండ్లికాని ఆడపిల్లలను ఉద్యోగము కొరకు ఒంటరిగా పట్నమునకు పంపరాదని అందు వ్రాసి యుండెను.

"సారూ, మీరు పెద్ద సదువులు సదివినోళ్లు. ఇది మంచి తీర్మానమే గదా?" అని వారడిగిరి.

కారణ మడుగగా చెప్పిరి. ఊరిలోని ఒక చిన్న రైతు కుమార్తె నర్సు పని నేర్చి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో కుదిరినది. ఆసుపత్రికి ఆరు కిలోమీటర్ల దూరమున ఒక పేటలో గది తీసికొని యున్నది. పందొమ్మిదవ నాడు పెట్టె బేడా సర్దుకొని ఇల్లు చేరినది. ఎందుకు వచ్చితివని తండ్రి యడిగిన "భయమైంది" అని తప్ప మరి మాట లేదు. ఆ యొక్క మాట మీద తీర్మానము సిద్ధమైనది.

"ఆ అమ్మాయిని మీరెవరైన పిలిచి అడిగినారా?" అని మేము ప్రశ్నించితిమి. ఎవరును బదులు చెప్పలేదు. వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధ సభ్యురాలు మాత్రము, "పిల్లనే పిల్సి అడుగుండ్రి. చెయ్యి కాలినోళ్లకు గదా మంట ఎరుక" అనెను. ఆ మాట సర్పంచిగారికి నచ్చినది. అమ్మాయిని పిలిపించిరి.

ఆమె ముందు తలవంచుకొని నిలిచినది. ఆ సభ్యురాలు దగ్గర కూర్చుండబెట్టుకొని "చెప్పు బిడ్డా" అనగా, మెల్లగా నోరు విప్పినది.

"నాకు పని కష్టం గాలేదు సారూ. డ్యూటీ దిగి, బస్సు దిగినంక ఆ సందుల నడుసుడే కష్టమైంది."

సందులో దీపము లేదట. మూల మీద మద్యపు దుకాణము. దాని ముందు రాత్రి పదకొండు దాక మనుష్యులు నిలిచి యుందురు. ఇంటి యజమానురాలు అద్దె కొరకు తప్ప మాటాడదు. ప్రక్క గదులలోని వారి భాష ఈమెకు రాదు. వీధి కుక్కలు మీదికి వచ్చును. గోడ కావల మురుగు నాలా. జబ్బు చేసిన ఎవరి తలుపు తట్టవలెనో తెలియదు. ఇవి యన్నియు చెప్పి, కొంత తడవాగి, చివరకు ఒక మాట చెప్పినది. ఒకడు రెండు రాత్రులు బస్సు దిగిన చోటి నుండి ఇంటి గడప దాక ఆమె వెనుక నడచి వచ్చినాడట.

తండ్రి లేచి, "ఆ ముచ్చట నాకెందుకు చెప్పలే బిడ్డా?" అనెను.

"చెప్తే మళ్ల తోలరని చెప్పలే నాయినా" అని ఆమె బదులు చెప్పినది.

పంచాయతీ సభ్యులారా, ఆ ఒక్క మాటను మీరు జ్ఞాపక ముంచుకొనవలెనని మా కోరిక. పంపము అను బెదిరింపు పిల్లలను అపాయము నుండి కాపాడుట లేదు. అపాయమును మన నుండి దాచిపెట్టుటకు మాత్రము నేర్పుచున్నది. ఆ అమ్మాయికి ఊరి భయము పట్నపు భయము కంటె పెద్దదైనది. అందుచేతనే ఆమె పందొమ్మిది దినములు ఒంటరిగా సహించినది.

ఆమె చెప్పిన దానిని మేము సభలోనే ఒక కాగితము మీద వ్రాసి రెండు భాగములుగా విభజించితిమి. ఒకటి అపరిచయము వలని భయములు: తెలియని భాష, మాటాడని యజమానురాలు, ఎవరిని పిలువవలెనో తెలియకపోవుట. ఇవి పరిచయము పెరిగిన కొలది తగ్గును. రెండవది నిజమైన అపాయములు: దీపము లేని సందు, వెంటబడిన మనిషి, వరద వచ్చిన పొంగు నాలా. ఇవి అలవాటు పడిన తగ్గునవి గావు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఉపాయము చేయవలసి యున్నది. భయము వేరు, అపాయము వేరు. రెంటిని కలిపి ముడివేసిన యెడల, భయమునకు లొంగి బ్రతుకుతెరువు నైనను పోగొట్టుకొందుము, లేదా ధైర్యము పేర అపాయములో నైనను పడుదుము.

ఈ భేదము మాకు పుస్తకముల వలన తెలిసినది గాదు. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో బదిలీ మీద మేమును ఒక నగరమునకు పోవలసి వచ్చెను. జీతము చిన్నది. దొరికిన ఇల్లు కలపడిపోల వెనుక నున్న ఒక పాత పేటలో. మా ఇంటికి ఎదురుగా, దీపము లేని ఒక అరుగు మీద, ప్రతి రాత్రి ఒక ముసలివాడు కంబళి కప్పుకొని కూర్చుండి మా వాకిలి వైపే చూచుచుండెడివాడు. ఇంట్లో వారు భయపడి చీకటి పడక మునుపే తలుపు వేసెడివారు. ఫిర్యాదు చేయుదమని కూడ తలంచితిమి. అదే వీధిలో శుభ్రమైన దుస్తులు ధరించి, మర్యాదగా మాటలాడు ఒక యువకుడు గ్యాసు కనెక్షను త్వరగా ఇప్పించెదనని మా వద్ద ధనము తీసికొనెను. అతని మీద మాకు ఏ అనుమానమును కలుగలేదు.

పదవ నాటి రాత్రి మా బిడ్డకు జ్వరము తలకెక్కెను. వీధిలోనికి వచ్చి ఏమి చేయుటకు తోచక నిలువగా, ఆ ముసలివాడే లేచి వచ్చి, పోయి ఆటోను పిలుచుకొని వచ్చి, ఆసుపత్రి దాక తోడు వచ్చెను. అతడు కలపడిపోకు రాత్రి కావలివాడట. డిపో ద్వారము మా ఇంటి ప్రక్కనే యుండుట చేత అతని చూపు మా వాకిలి మీద పడుచుండెను. గ్యాసు కనెక్షను యువకుడు మాత్రము మరల కనబడలేదు. మనిషి వేషమును బట్టి, పేటకున్న పేరును బట్టి అపాయమును కొలుచుట ఎంత పొరపాటో అప్పుడు మాకు తెలియవచ్చెను.

ఇట్లని భయము లన్నియు వట్టివని మేము చెప్పుట లేదు. పట్నములో కొన్ని చోట్లు నిజముగా అపాయకరమైనవి. ఎందు వలన అట్లున్నవో తెలిసికొనవలెను. మన ఊరిలో వీధి అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చుండియే యుందురు. కొత్తవాడు ఊరిలో అడుగు పెట్టిన పది నిమిషములలో "ఎవరింటికి?" అని నలుగురైన నడుగుదురు. పట్నపు పేటలో అద్దె వారు ఏటేట మారుచుందురు. ఒకరినొకరు అడుగరు. అరుగులు లేవు, ఎత్తైన గోడలు గలవు. చూచువారు లేని చోట చెడు చేయువానికి జంకు తగ్గును. కనుక వెలుతురు, మనుష్యుల రాకపోకలు, రాత్రి వేళ తెరచి యుండు దుకాణములు, ఇవి వీధికి కావలివారి వంటివి.

మరియొక అపాయమును మనవారు సామాన్యముగా తలంచరు. అది నీరు. తక్కువ అద్దెకు దొరకు ఇండ్లు తరచుగా పల్లములోను, నాలాల ఒడ్డునను ఉండును. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రజలను పొట్టన పెట్టుకొనెను. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకు పేటలను బాగుచేయ బూనెను. వరదను ఆపుటకై 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. అయినను 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి నగరములోని పల్లపు పేటలు అనేకము మునిగిపోయెను. కనుక ఇల్లు చూచునప్పుడు దొంగల భయమును గూర్చి అడిగినట్లే, "వానకు నీరెంత దాక వచ్చును?" అని కూడ అడుగవలెను. గోడల మీద పాత నీటి చార యున్నదేమో చూడవలెను.

ఇక కొత్త పేటకు పోవువారు చేయవలసిన పనులను వరుసగా మనవి చేసెదము. మీరు మీ ఊరివారికి వీటిని చెప్పవలెను.

మొదటిది. ఇంటిని రెండు మారులు చూడవలెను; ఒకమారు పగలు, ఒకమారు రాత్రి ఎనిమిది గంటల తరువాత. పగలు చల్లగా, నెమ్మదిగా నుండు సందు రాత్రి వేరొక రూపు దాల్చవచ్చును. బస్సు దిగిన చోటి నుండి ఇంటి దాక నడచి చూడవలెను. నూరు రూపాయలో, అయిదు నూర్లో అద్దె ఎక్కువైనను, పెద్ద రోడ్డుకు దగ్గరగా దీపమున్న వీధిలో ఇల్లు మేలు. రాత్రి పని చేయువారికి ఇది మరింత అవసరము.

రెండవది. కాగితము. అద్దె ఎంత, బయానా ఎంత, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల గడువు అను విషయములను వ్రాయించుకొనవలెను. సంవత్సరపు కౌలును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. అందువలననే పదకొండు నెలల ఒప్పందములు వాడుకలోనికి వచ్చినవి. వ్రాతపూర్వకమైన వేరు ఒప్పందము గాని, స్థానికముగా వేరు చట్టము గాని లేనిచో, నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించుటకు పదిహేను దినముల నోటీసు అవసరమని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో గలదు. రాత్రికి రాత్రి సామాను బయట వేయుదుననువాని మాటకు బెదరి పోనక్కరలేదు.

మూడవది. మొదటి వారములోనే నలుగురితో పరిచయము చేసికొనవలెను: ఇంటి యజమాని, వీధి మూల కిరాణా దుకాణదారు, ప్రక్క ఇంటి ఇల్లాలు, అంగన్వాడీ టీచరు. ఊరి పేరు చెప్పి, చేయు పనిని చెప్పి, నమస్కరించిన చాలును. కిరాణా దుకాణదారునికి వీధిలోని ప్రతివాని సంగతి తెలియును. ఆ పరిచయము ఒక తాళము కంటె గట్టిది.

నాలుగవది. కొన్ని సంఖ్యలను సెల్ ఫోనులోను, గోడ మీద కాగితముపైనను వ్రాసి యుంచుకొనవలెను. పోలీసు మొదలగు అత్యవసర సహాయమునకు 112. రోగుల వాహనమునకు 108. ఈ సేవ 2005లో హైదరాబాదులోనే ప్రారంభమైనది. స్త్రీల సహాయమునకు 181. బాలలకు 1098. ఫోను ద్వారా ధనము మోసపోయిన వెంటనే చెప్పుకొనుటకు 1930. హైదరాబాదులో స్త్రీలను వేధించువారిని పట్టుటకు 2014 అక్టోబరు 24న షీ టీములు ఏర్పడినవి. ఆపదలో నున్న స్త్రీలకు వైద్యము, న్యాయసలహా, తాత్కాలికమైన ఆశ్రయము ఒకే చోట లభించుటకు సఖి కేంద్రములు గలవు.

అయిదవది. ప్రభుత్వము వలన రావలసినవి ఊరితోనే ఆగిపోవు. రేషను కార్డు ఊరిలో నున్నను, వ్రేలిముద్ర వేసి పట్నములోని దుకాణమున బియ్యము తీసికొనవచ్చును. ఒకే దేశము, ఒకే రేషను కార్డు అను ఈ పద్ధతి రాష్ట్రముల నడుమ 2019 ఆగస్టులో మొదలైనప్పుడు, మొట్టమొదట కలిసిన జతలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. పిల్లవానికి బదిలీ పత్రము ఆలస్యమైన కారణమున బడిలో చేర్చుకొనమనుట 2009 నాటి విద్యాహక్కు చట్టమునకు విరుద్ధము. హైదరాబాదు పేటలలో 2018 నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి. బిడ్డ బడికి పోయి, తల్లి దవాఖానాకు పోయి వచ్చుచుండగా కొత్త పేట తనంతట తానే పాతది కాజొచ్చును.

ఆరవది చట్టము. ఒక స్త్రీ ఇష్టము లేదని స్పష్టముగా తెలిసియు ఆమెను మాటిమాటికి వెంటాడుట నేరము. భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను ప్రకారము తొలిసారి చేసిన నేరమునకే మూడు సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చును. ఈ కొత్త చట్టములు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. "ఇది మా స్టేషను పరిధి గాదు, అక్కడికి పొండు" అను మాట ఇక చెల్లదు. ఇట్టి నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసు స్టేషనులో నైనను ఫిర్యాదు నమోదు చేసికొనవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను విధించుచున్నది. ఫిర్యాదు ప్రతిని వెంటనే ఉచితముగా ఇయ్యవలెను. పది మంది, అంతకు మించి పనిచేయు చోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు అంతర్గత కమిటీ యుండవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. మీ ఊరి అమ్మాయికి ఇవి తెలిసి యుండిన, ఆమె ధైర్యము రెండింతలగును.

సభ్యులారా, ఇంత దాక మనవారి భయమును గూర్చి చెప్పితిమి. ఇక ఆ పేటలోని వారి భయమును గూర్చి కూడ రెండు మాటలు. మనవారు కొత్త పేటను చూచి భయపడినట్లే, ఆ పేటవారును మనవారిని చూచి భయపడుదురు. ఎవరో, ఎచ్చటి వారో యని అనుమానింతురు. ఈ అనుమానము ముదిరిన ఎంత ఘోరము జరుగునో 2018 మే మాసమున మనము కన్నులార చూచితిమి. పిల్లల నెత్తుకొని పోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి సెల్ ఫోనుల ద్వారా తెలుగు రాష్ట్రములలో దావానలము వలె వ్యాపించెను. ఊరూర జనులు కర్రలు పట్టి కావలి కాచిరి. దారిన పోవు అమాయకులను, బిచ్చగాండ్రను, భాష రానివారిని పట్టి కొట్టిరి. నిరపరాధులు కొందరు ప్రాణములు కోల్పోయిరి. అది పట్నములలోనే గాక మన వంటి పల్లెలలోను జరిగినది. భయము అపాయమును తప్పించుటకు బదులు తానే అపాయమైనది.

కనుక ఒక ప్రశ్న. మీ ఊరి ఇటుక బట్టీలకు ఒడిశా నుండి కూలీలు వచ్చుచున్నారు గదా? బియ్యపు మిల్లులకు బీహారు నుండి వచ్చుచున్నారు గదా? వారికి మీ ఊరే తెలియని పేట. రాత్రి వేళ మీ వీధులే వారికి చీకటి సందులు. బట్టీ వద్ద గుడిసెలో నున్న తల్లికి బిడ్డ జబ్బు పడినప్పుడు ఎవరి తలుపు తట్టవలెనో తెలియునా? మీ వార్డు సభ్యుడు ఒక్కమారైన అచ్చటికి పోయి, తన పేరు చెప్పి వచ్చినాడా? మన బిడ్డకు పట్నములో ఎట్టి ఆదరము కోరుదుమో, పరాయి బిడ్డకు మన ఊరిలో అట్టి ఆదరము చూపుట మన ధర్మము. ఈ పనికి నిధులు అక్కరలేదు, పై అధికారుల మంజూరు అక్కరలేదు.

పంచాయతీ చేయదగిన పనులు మరి కొన్ని గలవు.

ఊరు విడిచి పోయినవారి వివరములకు ఒక పుస్తకము పెట్టుడు. ఎవరు, ఏ పట్నములో, ఏ పేటలో, ఏ పనిలో, ఏ ఫోను సంఖ్యపై నున్నారో వ్రాయుడు. ఇది వారి సమ్మతితో, వారి మేలు కొరకు మాత్రమే. వివరములు పరుల చేతికి పోరాదు. ముఖ్యముగా ఆడపిల్లల చిరునామాలను పంచాయతీ గోడ మీద అంటింపరాదు.

పట్నములో స్థిరపడిన ఊరివారిలో పేటకొకరిని పెద్దగా నెంచుకొనుడు. కొత్తగా పోవువారు బస్సు దిగినప్పుడు ఎదురు వచ్చుటకు, ఇల్లు చూపుటకు, మొదటి నెల కనిపెట్టి యుండుటకు వారు అంగీకరించిన చాలును.

పోవువారికి, వారు కోరినచో, పంచాయతీ కాగితము మీద ఒక పరిచయ లేఖ ఇయ్యుడు. చట్టములో దానికి పెద్ద విలువ లేకపోవచ్చును. ఇంటి యజమాని కన్నులలో విలువ గలదు. వీని వెనుక ఒక ఊరున్నదని అది చెప్పును.

మహిళా సంఘముల సభలలో నెలకొకమారు పట్నమున నున్న ఆడపిల్లల యోగక్షేమములు విచారింపుడు. బిడ్డ ఏదైన కష్టము చెప్పిన, మొదటి మాట "మేము వద్దంటిమి గదా" అని కారాదు. "ఏమి చేయుదము?" అను మాట మొదట రావలెను. ఈ చిన్న మార్పునకు ఎంత బలమున్నదో పైన చెప్పిన అమ్మాయి కథ వలన మీరే గ్రహింపగలరు.

తిరిగి వచ్చినవారిని ఎగతాళి చేయకుడు. "పట్నం పోయి పారిపోయి వచ్చిండు" అను మాట ఎందరినో అపాయకరమైన చోట్లనే పట్టి యుంచుచున్నది. నిజముగా ఆపద యున్న చోటి నుండి వెంటనే లేచి వచ్చుట వివేకము. అందు సిగ్గుపడవలసినది లేదు.

ఇక ఆ గ్రామపు సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. ఆ దినమున సభ చీకటి పడుదాక సాగినది. కొందరు సభ్యులు తీర్మానమునకే పట్టుబట్టిరి. వారి మనసులోను ఆడపిల్ల క్షేమమే యున్నది. అందు సందేహము లేదు. కడపట సర్పంచిగారు చిత్తుప్రతిని మడిచి జేబులో నుంచుకొని, "పిల్లకే ఇడుస్తున్నం. ఆమె పోతనంటే మనం తోడు పోదాం" అనిరి. అమ్మాయి వారము దినములు ఆలోచించి, పోవుదునన్నది. ఆ వృద్ధ సభ్యురాలును, మహిళా సంఘపు స్త్రీ ఒకరును, తండ్రియు ఆమెతో పోయిరి. ముందుగా పోలీసు స్టేషనుకు పోయి, వెంటబడిన వానిపై ఫిర్యాదు వ్రాసి యిచ్చి, ప్రతిని తీసికొనిరి. వానిని గుర్తుపట్టి పిలిపించి విచారించిరని తరువాత తెలిసినది. అయినను ఆ సందులోని గదిని వదలివేసిరి. పెద్ద రోడ్డు మీద, బస్సు దిగు చోటికి కనుచూపు మేరలో, మరి ఇద్దరు నర్సులతో కలిసి ఒక గది తీసికొనిరి. అద్దె ఆరు నూర్ల రూపాయలు ఎక్కువ. ఆ ఎక్కువను తొలి మూడు నెలలు మహిళా సంఘమే అప్పుగా ఇచ్చెను.

ఇటీవల మేము ఆ తండ్రిని కలిసికొంటిమి. బిడ్డ ఎట్లున్నదని అడిగితిమి. కష్టము లేదనలేదు. రాత్రి డ్యూటీ యున్న దినములలో ఆమె ఫోను వచ్చుదాక తనకు నిద్ర పట్టదని చెప్పెను. ఆ మీదట, ఊరి నుండి ఈ నెలలో పోయిన మరియొక పిల్లను బస్సు స్టాండులో ఎదుర్కొని తీసికొని పోయినది తన బిడ్డయేనని చెప్పి, కండువాతో ముఖము తుడుచుకొనెను.

తండ్రికి భయము పూర్తిగా పోలేదు. పోవలెనని మనము కోరుటయు న్యాయము గాదు. ఆ భయమును ఆయన ఒక్కడే మోయకుండ ఊరు పాలు పంచుకొన్నది. పంచాయతీ యన్నది ఊరి పొలిమేరలో నున్న భూమికి మాత్రమే గాక, ఆ ఊరి మనుష్యులకు పెద్దదిక్కు. వారు ఎచ్చట నున్నను ఆ దిక్కు వారికి కనబడుచుండవలెను. మీ గ్రామమునకు తిరిగి పోయిన వెంటనే, తాళము వేసిన ఇండ్లను లెక్కించి, ఆ ఇంటివారికి ఒక్కొక్క ఫోను చేయవలసినదిగా కోరుచున్నాము.